పక్క వెలుతురు

బుధవారం ఓపీ. టోకెన్ నూట పద్దెనిమిది.
సెంట్రల్ స్టేషన్ ఎదుట పెద్దాసుపత్రిలో
కీళ్ళ విభాగం బెంచీ మీద
మేమంతా కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాం.
ఎండ మాకు అప్పులవాడు, కంటపడకూడదు.

గోడ మీద పటంలో ఒక దొరసాని.
తెల్లటి బుగ్గల మీద, ముక్కు దూలం మీద
గులాబి రంగు సీతాకోకచిలుక
రెక్కలు సమానంగా విప్పుకుని వాలి ఉంటుంది.
పదకొండేళ్ళుగా చూస్తున్నాను,
ఆ పటంలాంటి మొహం ఈ బెంచీ మీద
ఒక్కసారే కూర్చుంది.
షావుకారుపేట కింజల్. అదీ రెండు వారాలే.

కాశిమేడు సెల్వమణికి వచ్చింది ఎరుపు కాదు,
అట్ల పెనం అడుగు రంగు.
చేపల గంప దించి మొహం కడుక్కుంటే
మసి ఇంకా పోలేదని వాళ్ళాయన నవ్వాడట.
లారీ దయాళన్‌కి కుడి బుగ్గ మీదే ఎక్కువ,
స్టీరింగు పక్క కిటికీ వైపు.
మగవాడికి ఈ జబ్బేమిటని
మూడేళ్ళు గజ్జి మందు రాశారు.
పెరంబూరు సుబ్బరత్తమ్మగారికి పొలుసులు.
అవి రాలినచోట, చెవి డొప్పల్లో, తెల్లటి చిల్లర నాణాలు.
బొల్లి అనుకుని పెళ్ళిపందిట్లో పక్కావిడ
కుర్చీ జరుపుకుందని
ఇప్పటికీ వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతుంది, ఎన్ని జానలో.

నాదా? పొద్దున ఉంటుంది.
టోకెన్ పిలిచే వేళకి ఉండదు.
డాక్టరు ముందు కూర్చోగానే
నా బుగ్గ బుద్ధిమంతురాలైపోతుంది.

ముక్కు పక్క మడతని మాత్రం
తడి చూసి దాటినట్టు దాటి పోతుంది.
ఆ ఒక్క గీత దగ్గరే
మాలో చాలామందిమి చుట్టాలం.

మొన్న వ్యాసర్పాడి ఎస్తేరు వచ్చింది. పందొమ్మిదేళ్ళు.
కొత్త డాక్టరు, కుర్రాడు,
టార్చి వేసి చూసి "ర్యాష్ లేదు" అని రాశాడు.
"ఉంది సార్. మండుతోంది."
అతను పటం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.
నేరేడు పండు మీద బూడిద తుడిస్తే
లోపల ఒక ఊదా ఉంటుంది కదా,
దాని సంగతి దొరసాని అతనికి చెప్పలేదు.

నాది రాయపురంలో ఫోటో స్టూడియో.
ఇరవై రెండేళ్ళుగా నా పని మచ్చలు తుడవడం.
పాస్‌పోర్టు సైజు, పెళ్ళిచూపుల సైజు.
మొటిమ, మంగు, నూనె చిందిన గుర్తు,
ఒకసారి ఒక మొగుడి అయిదు వేళ్ళు.
అడిగినవీ తుడిచాను, అడగనివీ తుడిచాను.
నా సొంత ఫోటోలో
నన్ను నేనే అడక్కుండా తుడిచేసుకున్నాను.

శనివారం సాయంత్రం షట్టరు సగం దించి
ఎస్తేరుని స్టూలు మీద కూర్చోబెట్టాను.
ఎదురు లైటు వేస్తే ఏమీ లేదు. నునుపు.
ఆ కుర్రాడు అబద్ధం రాయలేదు,
ఎదురుగా చూశాడు, అంతే.
స్టాండు పక్కకి లాగాను, చెవి దాకా.
అప్పుడు లేచింది
బుగ్గ ఎముక మీద ఒక గట్టు,
ముక్కెక్కి దిగి అవతలి గట్టు.
సీతాకోకచిలుకా కాదు, ఏమీ కాదు.
వానకి తడిసి ఆరిన మట్టినేల
పొక్కులెత్తినట్టు.
ఒక్క క్లిక్. వెంటనే ఆపేశాను,
లైటు కూడా ఎండకి చుట్టమే.

అలవాటున నా వేలు బ్రష్ మీదికి పోయింది.
"అక్కా, ఏం తీసెయ్యొద్దు," అంది.
కాసేపాగి,
"ముక్కు కొంచెం లావుగా పడింది. అదొక్కటీ..."
ఇద్దరం పగలబడి నవ్వాం.
ముక్కూ తియ్యలేదు.

నాలుగు కాపీలు.
ఒకటి డాక్టరుకి, ఒకటి వాళ్ళమ్మకి,
ఒకటి ఆమె పర్సులోకి.
నాలుగోది, అడిగే తీసుకున్నాను,
బుధవారం దాకా నా సంచిలో ఉంటుంది.
దొరసాని పక్కన గోడ కాస్త ఖాళీగానే ఉంది.
జిగురు నా దగ్గరే ఉంది.